రెండో పటం: సుజాన్ లేసీ ‘త్రీ వీక్స్ ఇన్ మే’ – ఒక కేస్ స్టడీ

హింస మీద మొదటిసారి పని చేయాలనుకునే యువ కళాకారుల స్కెచ్‌బుక్కులు నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. వాటిలో కుట్టేసిన పెదవులు, కమిలిన కళ్లు, చీకట్లోంచి చాచిన చేతులు కనిపిస్తాయి. గీసినవారి నిజాయితీని శంకించడానికేమీ లేదు. అయితే ఆ బొమ్మ ముందు నిలబడిన మనిషి, అందులోనూ అలాంటి దెబ్బే తిన్న మనిషి, చూసిన తర్వాత ఎటు వెళ్లాలన్న ప్రశ్నకు ఆ పేజీల్లో చోటుండదు. హింసకు గురైనవారికి అండగా ఉండే సంస్థలతో కలిసి కళా వర్క్‌షాపులు నడిపే వ్యక్తిగా నేను ఆ ప్రశ్న అడగక తప్పదు. అడిగినప్పుడల్లా 1977 మే నెలలో అమెరికాలోని లాస్ ఏంజలెస్ నగరంలో జరిగిన ఒక పని గురించి వివరంగా చెబుతుంటాను. దాని పేరు ‘త్రీ వీక్స్ ఇన్ మే’. చేసినవారు సుజాన్ లేసీ. అప్పటికి ఆమె వయసు 31 ఏళ్లు.

కళాచరిత్రలో ఈ పనికి స్త్రీవాద ప్రదర్శన కళలో పెద్ద స్థానమే ఇచ్చారు. ఆ స్థానం సంగతి విమర్శకులకు వదిలేసి, పనిని ఎలా కట్టారన్నదే ఇక్కడ చూస్తాను. ఏ సమాచారం ఎవరి దగ్గర నుంచి తెచ్చారు, ఏ గోడ ఎంచుకున్నారు, ఎవరిని కలుపుకున్నారు, ఏది బయట పెట్టారు, ఏది తలుపు మూసి చేశారు అనేవి ఒక కొత్త కళాకారిణికి ఉపయోగపడే విషయాలు.

కళాకారిణి నేపథ్యం

లేసీ 1945లో కాలిఫోర్నియాలోని వాస్కో అనే చిన్న పట్టణంలో పుట్టారు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివారు. ఆ తర్వాత ఫ్రెస్నోలో మనస్తత్వశాస్త్రం చదువుతుండగా, 1970లో కళాకారిణి జూడీ షికాగో అక్కడ ప్రారంభించిన స్త్రీవాద కళా కోర్సులో చేరారు. అక్కడి నుంచి అదే రాష్ట్రంలోని కళా విద్యాసంస్థ కాల్‌ఆర్ట్స్‌కు వెళ్లి, నిత్యజీవితంలోని మామూలు పనులనే కళగా మలచిన అలన్ కాప్రో వద్ద చదువుకున్నారు. గణాంకాలకు బెదరని స్వభావం, గుంపుగా కూర్చుని ఒకరి అనుభవాన్ని మరొకరు ఓపికగా వినే అలవాటు, గ్యాలరీ గోడలు లేకపోయినా కళ నిలబడుతుందన్న నమ్మకం ఆమెకు ఈ చదువుల నుంచే వచ్చాయని నేను అనుకుంటాను. 1977 నాటి పనిలో ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టవచ్చు.

అత్యాచారం అనే విషయాన్ని ఆమె అప్పటికి ఐదేళ్లుగా పట్టుకుని ఉన్నారు. 1972లో ఆమె తయారుచేసిన ఒక చిన్న పుస్తకానికి ఎర్ర సీలు అతికించి ఉంటుంది. ఆ సీలు చింపకుండా పుస్తకం తెరవడానికి వీలుండదు. చదవబోయేవారి చేతనే ఒక చిన్న చొరబాటు చేయించడం అందులోని ఉపాయం. అదే ఏడాది జూడీ షికాగో, సాండ్రా ఆర్గెల్, అవీవా రహ్మానీలతో కలిసి ‘అబ్లూషన్స్’ అనే ప్రదర్శన చేశారు. అత్యాచారానికి గురైన స్త్రీలు తమ గొంతుతో చెప్పిన అనుభవాలు టేపు మీద వినిపిస్తుండగా, కోడిగుడ్ల సొన, రక్తం, బంకమట్టి నింపిన తొట్లలో స్త్రీలు ఒకదాని తర్వాత ఒకదానిలో మునిగి లేచారు. ఒకామెకు ఒళ్లంతా కట్టు గుడ్డ చుట్టారు. గోడలకు పశువుల మూత్రపిండాలను మేకులతో కొట్టారు. చివరికి గదినంతా తాళ్లతో బంధించేశారు.

ఆ ప్రదర్శన బలాన్ని తక్కువ చేయలేం. అత్యాచారం గురించి స్త్రీలు పైకి మాట్లాడటమే అరుదుగా ఉన్న రోజుల్లో, నటుల గొంతుతో కాక అనుభవించినవారి గొంతుతోనే ఆ మాట వినిపించింది. కానీ వేదిక ఒక కళాకారుడి స్టూడియో. చూసినవారిలో ఎక్కువమంది కళా ప్రపంచానికి చెందినవారే. వారు గుండె బరువుతో బయటికి వచ్చి ఉంటారు. ఆ బరువుతో ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఏర్పాటు ఆ గదిలో లేదు. ఐదేళ్ల తర్వాతి పనిని ఈ ఖాళీకి జవాబుగా చదవడం నా పద్ధతి. నా దగ్గరకు వచ్చే స్కెచ్‌బుక్కుల్లో చాలావరకు 1972 దగ్గరే ఆగిపోయి ఉంటాయి కాబట్టి, ఈ ఐదేళ్ల దూరం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

మొదటి పటం

1977 మే 7 నుంచి మే 24 వరకు, లాస్ ఏంజలెస్ సిటీ హాల్ ఆవరణలో, భూమట్టానికి దిగువన ఉండే షాపింగ్ మాల్‌లో, నగరం మొత్తాన్ని చూపే 25 అడుగుల పటాలు రెండు పెట్టారు. రెండూ కళ్లకు కొట్టొచ్చే పసుపు రంగువి. లేసీ ప్రతిరోజూ పోలీసు శాఖ కేంద్ర కార్యాలయానికి వెళ్లి, అంతకుముందు రోజు నమోదైన అత్యాచార ఫిర్యాదుల సమాచారం తీసుకునేవారు. తర్వాత మాల్‌కు వచ్చి, సంఘటన జరిగిన ప్రాంతాన్ని పటం మీద వెతికి, అక్కడ నాలుగంగుళాల అక్షరాలతో ‘రేప్’ అని ఎర్ర సిరాతో ముద్ర వేసేవారు. దాని చుట్టూ అదే మాటను మసకగా మరో తొమ్మిదిసార్లు వేసేవారు. పోలీసుల దాకా వచ్చిన ఒక్కో ఘటనకు, రానివి తొమ్మిది ఉంటాయన్న అప్పటి అంచనాను ఆ మసక ముద్రలు చూపేవి.

ఈ ఏర్పాటులో ముందుగా గమనించవలసింది రోజువారీతనం. మొదటి రోజు పటం దాదాపు ఖాళీగా ఉంటుంది. సిటీ హాల్‌లో ఉద్యోగం చేసే మనిషి మధ్యాహ్న భోజనానికి ఆ దారిన వెళుతూ నిన్న లేని ఎరుపును ఇవాళ చూస్తాడు. రేపు మళ్లీ చూస్తాడు. పత్రికలో అత్యాచారం ఒక వార్తగా వస్తుంది, దాని పక్కన మరో వార్త వస్తుంది, రెండూ విడివిడి దురదృష్టాలుగానే మిగిలిపోతాయి. అవే ఒకే పటం మీద మూడు వారాలపాటు పోగుపడుతూ వస్తే, ‘ఆమె అటు ఎందుకు వెళ్లింది’ అని అడిగే నోటికి తాళం పడుతుంది. ఎందుకంటే అటూ ఇటూ అన్ని వైపులా ఎరుపే ఉంది. రక్తం, మాంసం, నగ్న శరీరం ఏదీ లేకుండా, రబ్బరు స్టాంపు వంటి ఆఫీసు సరుకుతో ఈ పని జరిగింది. దరఖాస్తుల మీద కొట్టే ముద్రలాంటిది ఇంత భయపెట్టగలదని, చూసేవరకు ఎవరూ అనుకోరు.

రెండో విషయం పోలీసులతో సంబంధం. ఆ రోజుల్లో అత్యాచార ఫిర్యాదు చేసిన స్త్రీలతో పోలీసులు, ఆసుపత్రులు, న్యాయస్థానాలు ప్రవర్తించే తీరు మీద స్త్రీవాదులకు తీవ్రమైన అభ్యంతరాలు ఉండేవి. లేసీ మిత్రులూ ఆ అభ్యంతరాలు ఉన్నవారే. అయినా పని మొత్తం పోలీసుల కాగితాల మీద ఆధారపడేలా ఆమె రూపొందించారు. రోజూ ఆ కార్యాలయం గడప తొక్కి, రోజూ అడిగి, రోజూ తీసుకోవడం వల్ల, ఫైల్లో ఉండిపోయే సమాచారం బహిరంగ గోడ మీదకు వచ్చింది. పోలీసులను ముద్దాయి బోనులో నిలబెట్టే బొమ్మ గీసి ఉంటే ఆ కాగితాలు చేతికి వచ్చి ఉండేవి కావని నా అభిప్రాయం. దీన్ని రాజీ అనేవారు ఉంటారు. నేను అనను, ఎందుకంటే పోలీసుల సొంత లెక్కే పోలీసుల గడప ఎక్కని లెక్కను పక్కన పెట్టుకుని జనం మధ్య నిలబడింది. తొమ్మిది మసక ముద్రల అర్థం అంతా అదే.

మూడోది గోప్యత. 25 అడుగుల పటం మీద నాలుగంగుళాల ముద్ర కిందికి ఎన్నో వీధులు వస్తాయి. ఏ ఇల్లో, ఏ మనిషో ఎవరూ పోల్చుకోలేరు. పేరు లేదు, వయసు లేదు, ముఖం లేదు. అయినా తమ పేటను పటంలో వెతుక్కునే ప్రతి ఒక్కరికీ విషయం తగలవలసిన చోట తగులుతుంది. ఆమె, ఆమె సహచరులు నగరంలోని కాలిబాటల మీద సుద్దతో రాసిన రాతల్లోనూ ఇదే జాగ్రత్త ఉంది. ఒక స్త్రీ మీద ఇక్కడికి దగ్గర్లోనే అత్యాచారం జరిగిందని తేదీతో పాటు రాశారు తప్ప, ఇంటి గుమ్మాన్ని వేలెత్తి చూపలేదు. బాధితుల వివరాలు బయటపెట్టకుండా ఘటనను బయటపెట్టడం ఎలా అన్నది ఈ రంగంలో రోజూ ఎదురయ్యే చిక్కు. దానికి ముద్ర పరిమాణంతోనే పరిష్కారం చెప్పడం నాకు చాలా నచ్చుతుంది.

రెండో పటం

కళా పుస్తకాల్లో మొదటి పటం ఫొటోలే ఎక్కువగా కనిపిస్తాయి. దాని పక్కనే, అంతే పెద్దదిగా, అదే పసుపు రంగులో మరో పటం ఉండేదన్న సంగతి ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు. ఆ రెండో పటం మీద సహాయం దొరికే చోట్లు ఉన్నాయి: అత్యాచార బాధితుల హాట్‌లైన్లు, ఆసుపత్రుల అత్యవసర విభాగాలు, కౌన్సెలింగ్ కేంద్రాలు, స్త్రీల సంస్థలు. ఇటువంటి సేవలు అప్పటికి చాలా కొత్తవి. దాడులకు గురైన స్త్రీల కోసం లాస్ ఏంజలెస్‌లో మొదటి హాట్‌లైన్ నడిపిన సంస్థ 1971లోనే పుట్టింది. నంబర్లు ఉన్నాయి గానీ, అవి అవసరమైనవారికి తెలిసే దారి లేదు.

ఈ పనికి ఇరుసు ఈ రెండో పటమేనని నా వాదన. మా ప్రదర్శనల్లో ఏదైనా తెరిచిన రోజు సాయంత్రం, జనం పలచబడ్డాక, ఎవరో ఒకరు గోడ వారగా నిలబడి ఉంటారు. పలకరిస్తే ‘ఏం లేదండీ’ అంటారు. ఐదు నిమిషాల తర్వాత వచ్చి, తమకు జరిగింది చెప్పడం మొదలుపెడతారు. మా పనుల్లో ఇది జరగని సందర్భం నాకు గుర్తులేదు. ఆ సమయంలో కళాకారిణి చుట్టూ పత్రికలవారు ఉంటారు, అభినందించేవారు ఉంటారు. ఆమెకు ఆ మాట వినే తీరిక ఉండదు, ఉన్నా వినడంలో శిక్షణ ఉండదు. బొమ్మ పాత గాయాన్ని తెరిచి, మూసే మనిషిని ఏర్పాటు చేయకపోతే, చూపరి బాధ మీద కళాకారిణికి పేరు వస్తుంది. ఈ మాట కటువుగా ఉందని తెలుసు, అయినా కొత్తవారికి ఇదే చెబుతాను. రెండో పటం ఉన్నచోట, చూపరి తల తిప్పితే చాలు, వెళ్లవలసిన చోటు కనిపిస్తుంది. ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరి ముందూ బయటపడనక్కర్లేదు. నిలబడి పటం చూస్తున్న మనిషి ఆసక్తితో చూస్తున్నారో అవసరంతో చూస్తున్నారో పక్కవారికి తెలియదు. అంతటి మరుగు రద్దీగా ఉండే మాల్‌లో దొరకడం చిన్న విషయం కాదు.

పరిమాణం కూడా మాట్లాడుతుంది. సహాయ సమాచారాన్ని కరపత్రంలోనో, గోడ మూల అంటించిన కాగితంలోనో ఇవ్వడం అందరూ చేసే పని. దానికి హింసకు ఇచ్చినంత గోడే ఇచ్చినప్పుడు, నగరంలో హింస ఎంత నిజమో దానికి ఎదురు నిలిచే స్త్రీల శ్రమ కూడా అంతే నిజమన్న మాట రంగులోనూ కొలతలోనూ చెప్పినట్టయింది.

చుట్టూ జరిగిన పని

పటాలు ఆ మూడు వారాల పనికి నడుమ ఉన్నాయి. వాటి చుట్టూ నగరమంతటా దాదాపు 30 కార్యక్రమాలు జరిగాయి. స్త్రీలకు బహిరంగంగా ఆత్మరక్షణ ప్రదర్శనలు ఇచ్చారు. తమ అనుభవాలు మాట్లాడుకునే సభలు పెట్టారు. హాట్‌లైన్ కార్యకర్తలు, న్యాయవాదులు, పోలీసులు, నగర పాలకులు, కళాకారులు ఒకరి కార్యక్రమాలకు ఒకరు వచ్చారు. 1973లో మొదలైన స్త్రీల కళాకేంద్రం ‘విమెన్స్ బిల్డింగ్’, అప్పట్లో నల్లజాతివారు ఎక్కువగా నివసించిన వాట్స్ ప్రాంతంలో పనిచేసే ‘స్టూడియో వాట్స్’ అండగా నిలిచాయి. బార్బరా స్మిత్, చెరీ గాల్కే, లెస్లీ లబోవిట్జ్ వంటి కళాకారులు తమ సొంత ప్రదర్శనలు ఈ కార్యక్రమంలో భాగంగా చేశారు. ఇన్ని పనుల మధ్య లేసీ పాత్ర చిత్రకారిణి పాత్ర కంటే ఉద్యమ కార్యాలయ నిర్వాహకురాలి పాత్రకు దగ్గరగా ఉంటుంది. ఫోన్లు, అనుమతులు, తేదీల సర్దుబాట్లు, అలిగిన సంస్థను బుజ్జగించడం, ఇవన్నీ కళలో భాగమేనని ఆమె తర్వాతి దశాబ్దాల్లో కూడా వాదిస్తూ వచ్చారు. యువ కళాకారులు ఈ భాగాన్ని ఎవరో మేనేజర్ చూసుకోవాలని ఆశిస్తారు. ఎవరూ చూసుకోరు.

ఇదే మూడు వారాల్లో తలుపు మూసి చేసిన పని కూడా ఒకటుంది. ‘షీ హూ వుడ్ ఫ్లై’ అనే ఆ పనిలో ముందుగా స్త్రీలు మాత్రమే ఒక గ్యాలరీలో కూడి తమ అనుభవాలు చెప్పుకుని, గోడలకున్న పటాల మీద వాటిని రాశారు. ఆ తర్వాతే ప్రేక్షకులను అనుమతించారు, అదీ ఒకసారి కొద్దిమందినే. లోపలికి వెళితే మధ్యలో తెల్లటి రెక్కలు తొడిగిన గొర్రెపిల్ల కళేబరం వేలాడుతూ ఉంటుంది. గోడల మీది రాతలు చదువుతూ కాసేపయ్యాక, తలుపు పైన గట్టు మీద, ఒళ్లంతా ఎర్రటి రంగు పూసుకుని పక్షుల్లా ముడుచుకు కూర్చున్న నలుగురు స్త్రీలు తమనే చూస్తున్నారని సందర్శకులు గ్రహిస్తారు.

1972 నాటి రక్తమాంసాల భాషను లేసీ వదులుకోలేదని దీనివల్ల తెలుస్తుంది. దాన్ని ఏ చోట మాట్లాడాలో మాత్రం నిర్ణయించుకున్నారు. నలుగురూ తిరిగే దారిలో లెక్కలు, పటాలు, ఫోన్ నంబర్లు పెట్టారు. తెలిసి, ఇష్టపడి, కొద్దిమందిగా వచ్చేవారికే శరీరాన్ని చూపించారు. షాపింగ్‌కు వచ్చిన మనిషికి తన పాత గాయం గుర్తుకు రావాలా వద్దా అని నిర్ణయించే హక్కు కళాకారిణికి లేదు. అటువంటి దృశ్యం ముందుంటుందని తెలిసి తలుపు తోసేవారి విషయం వేరు.

పటం చూపలేనివి

పోలీసు లెక్క మీద కట్టిన పనికి పోలీసు లెక్కకున్న పరిమితులన్నీ ఉంటాయి. అన్నిటికంటే పెద్దది చట్టానిదే. కాలిఫోర్నియాలో భర్త చేసిన అత్యాచారాన్ని నేరంగా గుర్తించే చట్టం 1979లో వచ్చింది. అంటే 1977 మే నెలలో ఆ నగరంలో ఏ స్త్రీ అయినా తన భర్త మీద అటువంటి ఫిర్యాదుతో వెళితే ముద్రగా మారడానికి అవసరమైన కాగితమే పుట్టదు. మసక ముద్రలు కొంతవరకు ఈ లోటు తీరుస్తాయి. కానీ చెప్పడానికి భయపడి దాచినవాటినీ, చెప్పినా చట్టం వినని వాటినీ అవి వేరు చేసి చూపవు. ఇంటి లోపలి హింస అక్కడ వీధి హింస వెనక దాక్కుంది.

రెండోది జాతి ప్రశ్న. అమెరికా చరిత్రలో అత్యాచారమనే అబద్ధపు ఆరోపణ మోపి నల్లజాతి పురుషులను మూకలు చంపిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. అటువంటి దేశంలో, పేటలవారీగా ఎర్ర ముద్రలు పడే పటాన్ని చూసిన మనిషి ‘ఆ పేట వాళ్లంతే’ అనే తీర్మానానికి వచ్చే ప్రమాదం ఉంది. వాట్స్‌లోని సంస్థ భాగస్వామిగా ఉండటం, నగరం మొత్తాన్నీ ఒకే పటంగా చూపడం దీనికి కొంత అడ్డుకట్ట వేశాయి. పూర్తిగా వేశాయని చెప్పలేం. ఫిర్యాదు ఎక్కడ నమోదవుతుందన్నది నేరం ఎంత జరిగిందన్న దానితో పాటు, ఏ పేట స్త్రీలు పోలీసులను నమ్ముతారన్న దాని మీదా ఆధారపడుతుంది. హింసను పటంగా గీయాలనుకునేవారు ఏ దేశంలోనైనా ఈ సంగతిని పటం అంచున రాయవలసి ఉంటుంది.

డిసెంబర్

అదే ఏడాది శరదృతువులో లాస్ ఏంజలెస్‌లో స్త్రీలను చెరిచి, గొంతు నులిమి చంపి, కొండవాలుల్లో పడేసిన వరుస హత్యలు జరిగాయి. పత్రికలు ‘హిల్‌సైడ్ స్ట్రాంగ్లర్’ అని ఒక పేరు పెట్టి, హంతకుడి చుట్టూ కథలల్లాయి; చనిపోయిన స్త్రీల నడవడి మీద వ్యాఖ్యానాలు వచ్చాయి. హంతకుడు ఒక్కడు కాదని, అన్నదమ్ముల వరసయ్యే ఇద్దరని 1979లో గానీ తేలలేదు.

లేసీ, లెస్లీ లబోవిట్జ్ కలిసి 1977 డిసెంబర్ 13న సిటీ హాల్ మెట్ల మీద ‘ఇన్ మోర్నింగ్ అండ్ ఇన్ రేజ్’ (సంతాపంతో, ఆగ్రహంతో) అనే ప్రదర్శన చేశారు. శవవాహనం ముందు, కార్ల వరుస వెనక, విమెన్స్ బిల్డింగ్ నుంచి ఊరేగింపుగా వచ్చారు. తలపాగాలాంటి ఎత్తయిన అమరికలతో ఏడడుగుల పొడవు కనిపించే స్త్రీలు నల్లటి ముసుగులతో బండి దిగారు. మొదటి స్త్రీ మైకు దగ్గరకు వచ్చి, అక్టోబర్ 18కీ నవంబర్ 29కీ మధ్య హత్యకు గురైన పదిమంది స్త్రీల కోసం వచ్చానంది. తర్వాతి స్త్రీ, అవే రోజుల్లో ఈ నగరంలో అత్యాచారానికి గురైన 388 మంది కోసం వచ్చానంది. అలా ఒక్కొక్కరు మాట్లాడేకొద్దీ విషయం ఒక ఉన్మాది దగ్గర నుంచి ఇళ్లలో దెబ్బలు తినే స్త్రీల దాకా విస్తరించింది. ప్రతి మాట తర్వాత వెనక వరుసలోని స్త్రీలు ఎదురు తిరుగుతామని ముక్తకంఠంతో పలికారు. మాట్లాడిన స్త్రీ భుజాల మీద ఎర్రటి వస్త్రం కప్పారు. చివరికి నగర పాలకుల ముందు కోరికలు చదివారు.

ఇందులో టీవీ కెమెరా కోసం చేసిన లెక్క అడుగడుగునా కనిపిస్తుంది. సాయంత్రం వార్తల్లో దొరికేది కొద్ది క్షణాలే కాబట్టి, ఏ క్షణం కత్తిరించి వేసినా అర్థం మారకుండా దృశ్యాన్ని కట్టారు: నలుపు, ఎరుపు, సిటీ హాల్ మెట్లు, ఒక్క నినాదం. విలేకరులకు ఇవ్వవలసిన సమాచారం ముందే రాసిపెట్టారు. కళాభిమాని దీన్ని ప్రచారం అనవచ్చు. హంతకుడి బొమ్మ ఎన్నో రోజులుగా ఆక్రమించిన తెర మీదకు మరో బొమ్మను ఎక్కించాలంటే ఆ తెర కొలతలు తెలుసుకోక తప్పదు. ఈ ప్రదర్శన తర్వాత టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీలో అత్యాచార బాధితుల హాట్‌లైన్ నంబర్లు చేర్చింది. మే నెలలో ఒక మాల్‌లో నిలిచిన రెండో పటం, ఆ విధంగా, నగరంలో ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ చేరింది.

తర్వాతి దారులు

ఈ పద్ధతి ఒక్కరితో ఆగలేదు. మెక్సికో నగరంలో మోనికా మేయర్ 1978లో, మ్యూజియంలో దండెం కట్టి, ఆ నగరంలో తమకు అన్నిటికంటే నచ్చనిదేమిటో స్త్రీల చేత గులాబీ రంగు చీటీల మీద రాయించి, క్లిప్పులతో తగిలించారు. చాలా చీటీల మీద బస్సుల్లో, వీధుల్లో వేధింపుల సంగతులే వచ్చాయి. ఆమె కూడా తర్వాత లాస్ ఏంజలెస్ వచ్చి లేసీతో కలిసి పనిచేశారు. చీటీ పద్ధతి పటం కంటే సులువు, ఖర్చు తక్కువ. పోలీసు కాగితం అవసరమే లేదు. నేను కొత్తవారికి ముందుగా సూచించేది దాన్నే. చేతిరాత గుర్తుపట్టే ప్రమాదం ఉన్నచోట మాత్రం చీటీని మరొకరి చేత తిరగరాయించి తగిలించాలి.

లేసీ స్వయంగా 2012 జనవరిలో పటాన్ని లాస్ ఏంజలెస్‌లో మళ్లీ చేశారు. ఈసారి అది పోలీసు ప్రధాన కార్యాలయం ముందే నిలిచింది. 35 ఏళ్లలో వచ్చిన మార్పు అందులో కనిపిస్తుంది. కాగితం అడిగి తెచ్చుకున్న చోటే గోడ ఇచ్చింది. సంస్థ ఆతిథ్యమిచ్చిన విమర్శకు పదును ఎంత మిగులుతుందన్న అనుమానం నాకైతే ఉంది. 2015 నవంబర్ 25న ఈక్వడార్ రాజధాని కీటోలో చేసిన పనిలో ఆ పదును నాకు ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడి స్త్రీలు తాము అనుభవించిన హింస గురించి రాసిన ఉత్తరాలను, ఎద్దుల పోరాటాలు జరిగే రంగస్థలంలో, వందలాది పురుషులు బిగ్గరగా చదివారు. బాధితురాలు మళ్లీ వేదికెక్కి తన కథ చెప్పుకునే భారం తప్పింది. ఆ మాటలు తమ నోటితో పలకవలసిన భారం పురుషుల మీద పడింది.

పని ముగిశాక ఫలితం ఎలా చూపాలని దాతలు అడుగుతారు, కళాకారులు తడబడతారు. ఎంతమంది వచ్చారన్న లెక్క దీనికి పనికిరాదు. నా ప్రాజెక్టుల్లో హాట్‌లైన్ నడిపేవారితో ముందే మాట్లాడి, ప్రదర్శనకు ముందు రెండు వారాలు, జరుగుతున్నప్పుడు, తర్వాత రెండు వారాలు వచ్చిన ఫోన్ల సంఖ్య మాత్రం, పేర్లు లేకుండా, రాసిపెట్టమని అడుగుతాను. ఫోన్లు పెరిగితే ఎత్తడానికి మనుషులున్నారా అని కూడా అప్పుడే అడగాలి. లేరంటే ప్రదర్శన తేదీని వాయిదా వేయడమే సరైన పని.